ముక్కులో ఒక పక్కే మళ్లీ మళ్లీ కండ పెరుగుతోంది, రిపోర్టులో హెచ్‌పీవీ పాజిటివ్ అని వచ్చింది. తెలిసినవాళ్లు చెప్పండి

నకిరేకల్ బిడ్డ

అందరికీ నమస్తే. మాది నకిరేకల్ దగ్గర పల్లెటూరు. మా నాన్నకు యాభై ఎనిమిదేళ్లు, వ్యవసాయం. చాలా కాలంగా ఆయనకు కుడి ముక్కు మూసుకుపోయేది, ఎడమది బాగానే ఆడేది. జలుబు అనుకుని మెడికల్ షాపులో చుక్కల మందు తెచ్చుకుని వేసుకునేవాడు. గట్టిగా చీదితే అప్పుడప్పుడు రక్తం చార కనిపించేది. ఒక ప్రైవేటు ఆస్పత్రిలో చూపిస్తే ముక్కులో కండ పెరిగిందని తీసేశారు. తీసిన కండను పరీక్షకు పంపలేదు. మామూలు పాలిప్, భయపడకండి అన్నారు.

రెండేళ్లు తిరగకముందే అదే పక్క మళ్లీ మూసుకుపోయింది. ఈసారి పట్నం తీసుకుపోయాం. సీటీ స్కాన్, ముక్క పరీక్ష, తర్వాత ఆపరేషన్ అయ్యాయి. రిపోర్టులో ఇన్‌వర్టెడ్ పాపిలోమా అని రాశారు. కింద ఇంకో కాగితం జతచేశారు: పీసీఆర్‌లో హెచ్‌పీవీ 11 పాజిటివ్.

మా బాబాయి ఫోన్లో వెతికి, హెచ్‌పీవీ అంటే క్యాన్సర్ వైరస్, గర్భాశయ ముఖద్వారానికి వచ్చేది అని ఇంట్లో అందరి ముందు చదివాడు. అప్పటి నుంచి నాన్న తన గ్లాసు, తువ్వాలు వేరే పెట్టుకుంటున్నాడు. మనవరాలిని ఎత్తుకోవడం మానేశాడు. నాకు తెలియాల్సినవి: ఈ వైరస్ వల్లే గడ్డ మళ్లీ వచ్చిందా? ఇంకోసారి వస్తుందా? ఇంట్లోవాళ్లకు అంటుతుందా?

పాలమూరు ఈఎన్‌టీ

తమ్ముడూ, నేను మహబూబ్‌నగర్‌లో ఈఎన్‌టీ డాక్టర్‌ని. ముందు రిపోర్టులో డిస్ప్లేసియా (కణాలు క్యాన్సర్ వైపు మారుతున్న లక్షణం) అనే మాట ఉందేమో చూడు. ఆపరేషన్ నోట్ ఉంటే గడ్డ ఏ గోడకు అంటుకుని ఉందని రాశారో కూడా చూసి చెప్పు. ఈ రెండూ తెలియకుండా ఏం చెప్పినా గాలిలో మాటే అవుతుంది.

ఇక చివరి ప్రశ్నకు జవాబు ఇప్పుడే ఇస్తున్నాను. గ్లాసు వల్ల, తువ్వాలు వల్ల, మనవరాలిని ఎత్తుకోవడం వల్ల ఇది అంటదు. ఈ రాత్రే మీ నాన్నకు చెప్పు.

నకిరేకల్ బిడ్డ

చాలా థాంక్స్ సార్. నాన్నకు చదివి వినిపించాను. డిస్ప్లేసియా లేదు, క్యాన్సర్ లక్షణాలు లేవు అని స్పష్టంగా రాశారు. ఆపరేషన్ నోట్‌లో, గడ్డ చెంప లోపలి మాగ్జిలరీ సైనస్‌లో ముందు గోడకు అంటుకుని ఉందని, అక్కడి ఎముకను డ్రిల్‌తో అరగదీశామని ఉంది. మొదటి ఆస్పత్రి చీటీలో ముక్కు లోపలి పాలిప్ తీశాం అని తప్ప ఏమీ లేదు.

పాలమూరు ఈఎన్‌టీ

ఆ ఒక్క వాక్యంలోనే నీ మొదటి ప్రశ్నకు చాలావరకు జవాబు ఉంది. వివరంగా చెప్తాను, పొడుగైనా ఓపికగా చదువు.

మామూలు పాలిప్ అంటే వాపు. ఎలర్జీ వల్లో, సైనస్ ఇన్ఫెక్షన్ వల్లో ముక్కు లోపలి పొర నీరు పట్టి ఉబ్బుతుంది. ఎక్కువగా రెండు వైపులా వస్తుంది. పాపిలోమా అట్లా కాదు. అది నిజమైన గడ్డ. ఆ పొరలోని కణాలే అదుపు తప్పి పెరుగుతాయి. ఇన్‌వర్టెడ్ రకంలో అవి బయటికి పెరగకుండా కింది కణజాలంలోకి మడతపడుతూ చొచ్చుకుపోతాయి. స్వీడన్ డాక్టర్ రింగెర్ట్స్ 1938లోనే ఈ లోపలికి పెరిగే లక్షణాన్ని గుర్తించి రాశాడు. ఇది మగవాళ్లలో ఎక్కువ, అందులోనూ యాభై, అరవై ఏళ్ల ప్రాయంలో. దాదాపు ఎప్పుడూ ఒక పక్కే వస్తుంది. మీ నాన్న కథ అచ్చంగా పుస్తకంలో రాసినట్టే ఉంది.

ఇప్పుడు మళ్లీ రావడం సంగతి. గడ్డ పెద్దగా కనిపించినా, అది పుట్టి అంటుకునే చోటు చాలాసార్లు చిన్నదే. మిగతాదంతా అక్కడి నుంచి ముక్కులోకి వేలాడుతుంది. ముక్కులో కనిపించే భాగాన్ని కత్తిరించి చెంప లోపలి మొదలును వదిలేస్తే, గరికను పైపైన కోసినట్టే. మీ నాన్న విషయంలో మొదలు ముందు గోడ మీద ఉంది. నేరుగా చూసే ఎండోస్కోపుకు అది సరిగ్గా కనిపించని మూల. వంపు ఉన్న స్కోపులు, పరికరాలు కావాలి, కొన్నిసార్లు ముక్కు పక్క గోడను కొంత తీసి దారి చేసుకోవాలి. మొదటిసారి అక్కడిదాకా పోలేదని ఆ చీటీయే చెప్తోంది. కాబట్టి అది "మళ్లీ వచ్చింది" అనేకంటే "మిగిలిపోయింది" అనడం సరైనదని నా అభిప్రాయం.

పాత రోజుల్లో ముక్కులోంచి పైపైన తీసిన కేసుల్లో సగానికి పైగా తిరిగొచ్చిన నివేదికలు ఉన్నాయి. ఎండోస్కోపీతో మొదలు వెతికి, పొరను ఎముక దాకా ఒలిచి, ఆ ఎముకను కూడా డ్రిల్ చేసే పద్ధతి వచ్చాక అది సుమారు నూటికి 10 నుంచి 15కు తగ్గింది. ఇంత తేడా వైరస్ మారడం వల్ల రాలేదు, ఆపరేషన్ మారడం వల్ల వచ్చింది.

మిర్యాలగూడ మిల్లు

డాక్టర్ సార్ చెప్పింది నా ఒంటి మీద జరిగింది. నేను రైస్ మిల్లులో పనిచేస్తా. ఊక దుమ్ము వల్లే ముక్కు మూసుకుపోతోందని ఏళ్ల తరబడి అనుకున్నా. నాకూ ఇదే గడ్డ. ముందు చిన్నగా తీశారు, తిరిగొచ్చింది. పట్నంలో చేసిన సార్ ఆపరేషన్‌కు ముందే సీటీ ఫిల్మ్ వెలుగులో పెట్టి ఒక చోట చూపించాడు. ఎముక అక్కడ మిగతా దానికంటే తెల్లగా, మందంగా ఉంది. "గడ్డ మొదలు ఇక్కడే ఉంటది, నేను పోయేది ఇక్కడికే" అన్నాడు. అప్పుడు అర్థమైంది నాకు, పాత డాక్టర్ స్కానే తీయించలేదని.

నాకు హెచ్‌పీవీ పరీక్ష ఎవరూ చెయ్యలేదు. చెయ్యకపోయినా ఇప్పటిదాకా బాగానే ఉన్నా. ఆర్నెల్లకోసారి కెమెరా పెట్టించుకుంటున్నా.

పాలమూరు ఈఎన్‌టీ

అన్నా, ఆ సార్ చూపించిన తెల్లటి మందపు ఎముక చాలా మంచి ఆనవాలు. గడ్డ అంటుకున్న చోట ఎముక అట్లా గట్టిపడుతుంది. ఎంఆర్ఐలో ఈ గడ్డ మెదడు మడతల్లాంటి చారలతో కనిపిస్తుంది. వెనక నిలిచిన చీము ఏది, గడ్డ ఏది అని తేల్చడానికి ఎంఆర్ఐ పనికొస్తుంది. అందరికీ అవసరం లేదు. గడ్డ కంటి దగ్గరికో, మెదడు కింది ఎముక దగ్గరికో పోయినట్టు అనుమానం ఉంటే తప్పనిసరి.

సూర్యాపేట స్లైడు

నేను పాథాలజీలో పనిచేస్తాను, రోజంతా మైక్రోస్కోపు ముందే. వైరస్ ముక్క నేను చెప్తాను.

హెచ్‌పీవీ (హ్యూమన్ పాపిలోమా వైరస్) ఒక్క వైరస్ కాదు, 200కు పైగా రకాల కుటుంబం. బాబాయి చదివింది 16, 18 రకాల గురించి. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు ఎక్కువగా కారణమయ్యేవి అవే. హరాల్డ్ త్సుర్ హౌజెన్ అనే జర్మన్ శాస్త్రవేత్త ఆ సంబంధాన్ని నిరూపించి 2008లో నోబెల్ అందుకున్నాడు. మీ నాన్న రిపోర్టులో ఉన్న 11, దాని తోబుట్టువు 6, తక్కువ ప్రమాదం ఉన్న రకాలు. పులిపిర్లలాంటి గడ్డలు తెస్తాయి. 16, 18 రకాల్లోని ఈ6, ఈ7 అనే ప్రోటీన్లు కణాన్ని అదుపులో ఉంచే పీ53, ఆర్‌బీ అనే కాపలా ప్రోటీన్లను గట్టిగా దెబ్బతీస్తాయి. 6, 11 రకాల్లో ఆ పని చాలా బలహీనం. కాబట్టి హెచ్‌పీవీ అనే పేరు చూసి అన్నింటినీ ఒకే గాటన కట్టొద్దు.

ముక్కు పాపిలోమాలు మూడు రకాలు. ముక్కు మధ్య గోడ మీద బయటికి కాలీఫ్లవర్‌లా పెరిగే ఎక్సోఫైటిక్ రకంలో 6, 11 ఎక్కువగా దొరుకుతాయి, అక్కడ వైరస్ పాత్ర గురించి పెద్దగా వాదన లేదు. మూడోదైన ఆంకోసైటిక్ రకంలో కేఆర్ఏఎస్ అనే జన్యువు మార్పు ఉంటుంది, వైరస్ ఉండదు. వాదనంతా మధ్యలో ఉన్న ఇన్‌వర్టెడ్ గురించే. కొందరు పరిశోధకులకు అందులో వైరస్ అసలు దొరకలేదు, కొందరికి సగానికి పైగా కేసుల్లో దొరికింది. అన్నీ కలిపి లెక్కేసినప్పుడు మూడో వంతు, అంతకు కాస్త ఎక్కువ దగ్గర తేలింది.

ఇంత తేడా ఎందుకంటే పరీక్ష పద్ధతి వల్ల. పీసీఆర్ అంటే డీఎన్ఏ ముక్కను ఎన్నో రెట్లు పెంచి చూసే పరీక్ష, చాలా సున్నితం. పొర మీద ఊరికే ఉన్న నాలుగు వైరస్ డీఎన్ఏ ముక్కలను కూడా పట్టేస్తుంది. పక్క నమూనా నుంచి అంటుకున్నా పట్టేస్తుంది. వైరస్ అక్కడ ఉండడం వేరు, గడ్డను పెంచుతూ ఉండడం వేరు. అది పనిచేస్తోందని చెప్పాలంటే ఈ6, ఈ7 ఆర్ఎన్ఏ చూడాలి, లేదా ఇన్ సిటు పద్ధతిలో కణం లోపలే చూపించాలి. గొంతు క్యాన్సర్‌లో వాడే పీ16 అనే, వైరస్ పనిని పరోక్షంగా చూపించే రంగు పరీక్ష ఈ గడ్డల్లో నమ్మదగ్గది కాదు.

2015లో మిషిగన్ విశ్వవిద్యాలయం వాళ్లు ఇన్‌వర్టెడ్ పాపిలోమాల్లో పదింటికి దాదాపు తొమ్మిదింటిలో ఈజీఎఫ్ఆర్ అనే జన్యువులో మార్పు ఉందని చూపించారు. తర్వాత 2018లో, ఆ మార్పు లేని గడ్డల్లోనే హెచ్‌పీవీ ఉంటోందని, రెండూ ఒకే గడ్డలో కలిసి ఉండడం లేదని రాశారు. అంటే గడ్డ పుట్టడానికి రెండు వేర్వేరు దారులు ఉన్నాయన్నమాట. ఇతరుల పరిశోధనల్లో ఇంత శుభ్రంగా తేలలేదు కానీ, ఈ ఆలోచన నాకు బలంగా అనిపిస్తుంది.

వనపర్తి అక్క

మీరందరూ చెప్పేది బాగుంది. నేను ఇంకో మాట చెప్పాలి. మా ఆయనకు ఇట్లాంటి గడ్డకే ఇదే వైరస్ పేరు రాశారు. నెట్‌లో లైంగికంగా వచ్చే వైరస్ అని ఉంటే మా అత్తగారి వైపు వాళ్లు నన్నే అనుమానంగా చూశారు. మా ఆయన ఏమీ అనలేదు కానీ మాటలు తగ్గించాడు. ఆపరేషన్ కంటే ఆ నెలలే నాకు ఎక్కువ కష్టం. డాక్టర్లు ఒక్క నిమిషం కూర్చోబెట్టి చెప్పి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు. కాగితం చేతిలో పెట్టి పంపించేశారు.

సూర్యాపేట స్లైడు

అక్కా, మీరు పడ్డ బాధకు మా వృత్తివాళ్లం కూడా బాధ్యులమే. కాగితం మీద మేం రాసే ఒక్క పదం ఇంట్లో ఏం చేస్తుందో ఆలోచించం.

హెచ్‌పీవీ లోకంలో చాలా సాధారణం. ఎక్కువమందికి జీవితంలో ఎప్పుడో ఒకసారి ఏదో ఒక రకం సోకుతుంది, చాలామందిలో ఒళ్లే దాన్ని తుడిచేస్తుంది. పుట్టేటప్పుడే తల్లి నుంచి రావచ్చు, ఏళ్ల తరబడి నిద్రపోయి ఉండవచ్చు. ఈ గడ్డలు లేని మనుషుల ముక్కు పొరలో కూడా కొన్ని పరిశోధనల్లో దొరికింది. ముక్కులో వైరస్ కనిపించినంత మాత్రాన అది ఎప్పుడు, ఎవరి నుంచి వచ్చిందో ఏ పరీక్షా చెప్పలేదు. ఆ కాగితాన్ని పట్టుకుని ఎవరి గుణాన్నీ కొలవడానికి లేదు. ఇది మీ అత్తగారివాళ్లకు చదివి వినిపించండి.

దేవరకొండ కుర్రాడు

నాదొక డౌట్. మా ఊళ్లో ఒకతనికి ముక్కులో ఎర్రటి కండ వచ్చింది, ముట్టుకుంటే రక్తం కారుతుంది. చిన్నప్పటి నుంచి చెరువులో ఈదుతాడు, బర్రెలు కడుగుతాడు. ఇది కూడా ఇదేనా? ఆకు పసరు పోసే ఆయన దగ్గరికి పోదామంటున్నాడు.

పాలమూరు ఈఎన్‌టీ

పసరు పోయించుకోవద్దని చెప్పు తమ్ముడూ. ఆ పసర్లతో ముక్కు లోపల కాలి, మధ్య గోడకు రంధ్రం పడిన వాళ్లను చూశాను.

నువ్వు చెప్పిన లక్షణాలకు నాకు ముందు గుర్తొచ్చేది రైనోస్పోరిడియోసిస్. నిల్వ నీళ్లలో స్నానం చేసేవాళ్లలో, దక్షిణ భారతంలో, శ్రీలంకలో ఎక్కువగా కనిపిస్తుంది. ఎర్రగా, పైన తెల్లటి చుక్కలతో స్ట్రాబెర్రీ పండులా ఉంటుంది. హెచ్‌పీవీకి దానికి సంబంధం లేదు. తీసి, మొదలు కాల్చాలి, అదీ తిరిగొచ్చే రకమే. అతను పద్దెనిమిది ఏళ్ల లోపు మగపిల్లవాడైతే మాత్రం ఇంకో జాగ్రత్త. ఆ వయసులో ముక్కు వెనక రక్తనాళాల గడ్డ ఒకటి వస్తుంది, యాంజియోఫైబ్రోమా. దాన్ని స్కాన్ లేకుండా గిల్లితే రక్తం ఆగదు. అందుకే ఎవరికైనా సరే, ఒక పక్క ముక్కులో కండ ఉంటే ముందు స్కాన్, తర్వాతే ముక్క తీయడం. తీసిన ముక్క తప్పకుండా పరీక్షకు పోవాలి. "మామూలు పాలిప్" అని కంటితో చూసి చెప్పే మాట ఒక పక్క కండ విషయంలో చెల్లదు.

నకిరేకల్ బిడ్డ

సార్, స్లైడు అన్నా, ఇంకొకటి అడగాలి. పాజిటివ్ వచ్చిన వాళ్లకు గడ్డ తిరిగి రావడం ఎక్కువా? నాన్న అడిగేది ఇదొక్కటే.

సూర్యాపేట స్లైడు

ఉన్నది ఉన్నట్టు చెప్తాను. పరిశోధనలు రెండు వైపులా ఉన్నాయి. వైరస్ ఉన్న గడ్డలు ఎక్కువగా తిరిగొచ్చాయని 1990ల నుంచే కొందరు రాశారు. ఏ తేడా లేదని ఇంకొందరు రాశారు. గడ్డ క్యాన్సర్‌గా మారిన కేసుల్లో 16, 18 రకాల వాటా పెరుగుతుందని కొన్ని చోట్ల కనిపించింది. నా మొగ్గు, వైరస్ ఉన్నవాళ్లను కాస్త దగ్గరగా గమనించాలనే వైపు.

పాలమూరు ఈఎన్‌టీ

ఇక్కడ స్లైడు గారితో నాకు కొంచెం తేడా ఉంది. ఆ పరిశోధనల్లో చాలావాటిలో రోగుల సంఖ్య చిన్నది. ఎవరికి ఆపరేషన్ ఎంత పూర్తిగా జరిగిందో విడదీసి చూడలేదు. మిగిలిపోయిన గడ్డను కూడా "తిరిగొచ్చింది" లెక్కలో వేసి, వైరస్ మీదకు నెట్టే అవకాశం ఉంది. గొంతులోని స్వరపేటికకు వచ్చే పాపిలోమాలు వేరే కథ. అక్కడ 6, 11 వైరస్ చుట్టూ ఉన్న బాగున్న పొరలో కూడా దాక్కుని మళ్లీ మళ్లీ తెస్తుంది, పిల్లలకు ఎన్నోసార్లు ఆపరేషన్లు అవుతాయి. ముక్కు ఇన్‌వర్టెడ్ పాపిలోమా చాలావరకు పాత మొదలు దగ్గరే తిరిగొస్తుంది. అంటే దోషం ఎక్కువగా మిగిలిపోయిన కణాలది.

ఇంకో మాట. పాజిటివ్ అయినా నెగటివ్ అయినా నేను చేసే ఫాలో-అప్ ఒక్కటే. నెగటివ్ వచ్చిందని రావడం మానేసే మనిషి గురించే నాకు ఎక్కువ భయం.

సూర్యాపేట స్లైడు

ఆ చివరి మాటతో నేను ఏకీభవిస్తాను సార్. నెగటివ్ కాగితం ధీమా ఇస్తే ప్రమాదమే. కానీ 16 లేదా 18 వచ్చి, పక్కనే డిస్ప్లేసియా కూడా ఉన్నప్పుడు మాత్రం మీరు కూడా ఆగి ఆలోచిస్తారని నాకు తెలుసు.

పాలమూరు ఈఎన్‌టీ

అవును, అప్పుడు తప్పకుండా. అది మీ నాన్నకు వర్తించదు తమ్ముడూ.

క్యాన్సర్ గురించి కూడా దాచకుండా చెప్పాలి. ఇన్‌వర్టెడ్ పాపిలోమా ఉన్నవాళ్లలో నూటికి 5 నుంచి 10 మందికి స్క్వామస్ సెల్ కార్సినోమా అనే క్యాన్సర్ కనిపిస్తుంది. కొందరికి మొదటిసారే గడ్డలో దాగి ఉంటుంది, కొందరికి ఏళ్ల తర్వాత వస్తుంది. మీ నాన్న గడ్డలో అది లేదు. మొదటి రెండు మూడేళ్లలోనే ఎక్కువ గడ్డలు తిరిగొస్తాయి కాబట్టి మొదటి ఏడాది మూడు నెలలకోసారి, తర్వాత ఆర్నెల్లకోసారి, కనీసం ఐదేళ్లు ఎండోస్కోపీ చేయించండి. ఆ తర్వాత కూడా ఏడాదికోసారి చూపించుకుంటే మంచిది, ఆలస్యంగా తిరిగొచ్చినవీ ఉన్నాయి. బీడీ, సిగరెట్ అలవాటు ఉంటే ఇవాళే మానాలి. మధ్యలో అదే పక్క మూసుకుపోవడం, రక్తం, చెంప తిమ్మిరి, కన్ను ముందుకు రావడం, చూపు రెండుగా కనిపించడం వంటివి ఉంటే తేదీ కోసం ఆగొద్దు.

అచ్చంపేట టీచరమ్మ

నేను హైస్కూల్లో పనిచేస్తాను. హెచ్‌పీవీ టీకా గురించి తల్లులు అడుగుతుంటారు. అది ఈ ముక్కు గడ్డకు కూడా పనికొస్తుందా?

సూర్యాపేట స్లైడు

మేడమ్, టీకా ముందు రక్షణ కోసం, ఉన్న గడ్డను కరిగించడానికి కాదు. పుణెలోని సీరం ఇన్‌స్టిట్యూట్ తయారుచేసిన సెర్వావాక్ 6, 11, 16, 18 రకాలకు రక్షణ ఇస్తుంది. ఆడపిల్లలకు వైరస్ సోకకముందే, 9 నుంచి 14 ఏళ్ల మధ్య వేయిస్తే రెండు డోసులు చాలు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ నుంచి కాపాడడమే దాని ముఖ్య ఉద్దేశం, ఆ ఒక్క కారణానికే మీ పిల్లలకు వేయించమని చెప్పండి. ముక్కు పాపిలోమా ఆపరేషన్ అయినవాళ్లకు తిరిగి రాకుండా టీకా వేసే పద్ధతి ప్రామాణిక వైద్యంలో లేదు. ఎవరైనా ఆ పేరుతో డబ్బులు అడిగితే ఆలోచించండి.

వనపర్తి అక్క

నకిరేకల్ తమ్ముడూ, మీ నాన్న మనవరాలిని ఎత్తుకున్నాడా?

నకిరేకల్ బిడ్డ

ఎత్తుకున్నాడు అక్కా. బాబాయికి కూడా ఈ చర్చ మొత్తం పంపించాను, వచ్చి నాన్న పక్కన కూర్చుని అన్నం తిన్నాడు.

ఇంకొక పని మిగిలింది. పట్నం దాకా మూడు నెలలకోసారి పోవడం మాకు భారం. నల్లగొండలోనే చూపించుకోవచ్చా? కాగితాలు ఏమేం జాగ్రత్త చేయాలి?

పాలమూరు ఈఎన్‌టీ

నల్లగొండ ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆస్పత్రిలో ఈఎన్‌టీ ఓపీ ఉంటుంది, మామూలు ఎండోస్కోపీ చూపులు అక్కడ చేయించుకోవచ్చు. అనుమానం వస్తే ఆపరేషన్ చేసిన సార్ దగ్గరికి, లేదా కోఠి ఈఎన్‌టీ ఆస్పత్రికి పొండి. మళ్లీ ఆపరేషన్ అవసరం పడితే ఆరోగ్యశ్రీ కింద వస్తుందా అని అక్కడి ఆరోగ్యమిత్రను ముందే అడగండి. ఆపరేషన్ నోట్ జిరాక్స్, సీటీ సీడీ, రిపోర్టులు ఒకే ఫైల్లో పెట్టండి. అందులో ఆపరేషన్ నోటే అన్నింటికంటే ముఖ్యం. గడ్డ ముందు గోడ మీద ఉండేదని తెలిస్తే కొత్త డాక్టర్ స్కోపును నేరుగా అటే తిప్పుతాడు.

మిర్యాలగూడ మిల్లు

ఉప్పు నీళ్లతో ముక్కు కడుక్కోవడం మానొద్దని కూడా చెప్పు తమ్ముడూ. కాచి చల్లార్చిన నీళ్లతోనే. ఆపరేషన్ తర్వాత చెక్కు కట్టి వాసన వచ్చేది, కడుక్కుంటేనే తగ్గింది.

సూర్యాపేట స్లైడు

ఒక్కటి చేర్చుతున్నా. ఆపరేషన్ జరిగిన ఆస్పత్రి పాథాలజీ విభాగంలో మీ నాన్న గడ్డ ముక్క మైనం బ్లాకులో భద్రంగా ఉంటుంది. రిపోర్టు మీద ఉన్న బయాప్సీ నంబరు రాసి, "రెండో అభిప్రాయం కోసం స్లైడ్లు, బ్లాకు ఇప్పించగలరు" అని ఒక దరఖాస్తు పెట్టండి, ఇస్తారు. ఇప్పుడు అవసరం లేకపోయినా, రేపు గడ్డ తిరిగొస్తే కొత్త ముక్కను పాతదాని పక్కన పెట్టి చూడాలి. ఏళ్లు గడిస్తే కొన్ని చోట్ల బ్లాకులు పారేస్తారు, కాబట్టి ఈ నెలలోనే అడగండి.